దయ్యం ఒకప్పుడు దేవుడే: పాలారు గట్టు నుంచి చీకటి పండుగల విశేషాలు

2024 అక్టోబర్ 31. వేలూరులో మా సత్తువాచారి వీధంతా కోడి కూయకముందే నువ్వుల నూనె, సీకాయ వాసన. నరక చతుర్దశి తలంట్లు. ఎదురింటి తమిళులు ‘గంగాస్నానం ఆచ్చా?’ అని పలకరిస్తే, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే మేము ‘ఆచ్చు’, అంటే అయిందని, బదులిచ్చి టపాకాయల సంచి విప్పాం. అదే తారీఖు సాయంత్రం అమెరికాలో మా అక్క మనవడు ఎముకల గూడు బొమ్మ వేసిన నల్ల చొక్కా తొడుక్కుని, మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఏడు దీపావళీ హాలోవీనూ ఒకే తేదీన పడ్డాయి.

మరునాడు వీడియో కాల్‌లో వాడు అడిగాడు, మీ ఊళ్లో ఇలాంటి పండుగ లేదా తాతా అని. లేదు నాయనా అనేశాను. ఫోన్ పెట్టేశాక ఆ జవాబు నన్ను కుదురుగా కూచోనివ్వలేదు. లేకపోవడమేమిటి? మొహం గీసిన గుమ్మడికాయ ఉంది. దారి చూపే దివిటీ ఉంది. వేషాలున్నాయి, ఇంటింటికీ తిరిగి అడుక్కునే పిల్లలున్నారు, శ్మశానంలో జాతర ఉంది, పోయినవాళ్లు వచ్చి వెళ్లే రోజులూ ఉన్నాయి. వాళ్లు అన్నిటినీ ఒక్క రాత్రిలో మూటకట్టారు. మనం ఏడాది పొడుగునా చల్లుకున్నాం, అందుకే ఒక్కచోట కనిపించవు. వాడికి చెప్పాల్సినవి ఏరి ఇక్కడ పెడుతున్నాను.

తలకిందులైన మాట

‘దయ్యం’ అన్న తెలుగు మాట ‘దైవం’ అన్న సంస్కృత పదానికి తద్భవం. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. చేతులు జోడించాల్సిన మాట కాలం గడిచేకొద్దీ చింతచెట్టెక్కి కూచుంది. ఇంగ్లీషులోనూ అచ్చం ఇదే కథ. ‘హాలో’ అంటే పునీతుడు. నవంబర్ 1 సకల పునీతుల పండుగ, దాని ముందు సాయంత్రం హాలోవీన్. పునీతుల పేరు పెట్టుకున్న రాత్రి చివరికి దయ్యాల పాలైంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే మలుపు తిరిగాయి. గంగమ్మను కొలిచే మా వైపు వాళ్లకు ఇందులో వింతేమీ తోచదు. ఆ తల్లి ముందు నిలబడితే భక్తి ఎక్కడ ఆగిందో, భయం ఎక్కడ మొదలైందో ఎవరూ గీత గీసి చెప్పలేరు.

చలికాలపు గుమ్మం

హాలోవీన్ పుట్టుక ఐర్లండు, స్కాట్లండు వైపు కెల్టు జాతుల పండుగలో ఉందంటారు. దాని పేరును ‘సావిన్’ అని పలుకుతారు. వేసవి ముగిసి, మందలు కొండ బీళ్ల నుంచి దిగివచ్చి, చలీ చీకటీ మొదలయ్యే వేళ అది. ఊరూరా పెద్ద మంటలు వేసేవాళ్లు. ఈ లోకానికీ ఆ లోకానికీ నడుమ తలుపు ఆ రాత్రి ఓరగా తెరుచుకుంటుందని నమ్మేవాళ్లు. క్రైస్తవం వచ్చాక తేదీలు సర్దుకున్నాయి. 835 నాటికి పునీతుల పండుగ నవంబర్ 1న స్థిరపడింది. 10వ శతాబ్దం చివర ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒదిలో నవంబర్ 2ను పోయినవాళ్లందరి ఆత్మల కోసం కేటాయించాడు.

అంతకుముందు రోములో ఈ పని మే నెలలో జరిగేది. ఇంటి యజమాని అర్ధరాత్రి వట్టి కాళ్లతో లేచి, వెనక్కి తిరిగి చూడకుండా, నల్ల చిక్కుడు గింజలు వెనక్కి విసిరేవాడు. ఇంట్లో తిరుగాడే పాత ఆత్మలు వాటిని ఏరుకుని శాంతించి వెళ్లిపోతాయని నమ్మకం. తర్పణంలో మనం విడిచే నల్ల నువ్వులు ఎవరికి గుర్తురావు?

కొరివి దయ్యానికి ఐర్లండు చుట్టం

హాలోవీన్ గుమ్మడి దీపాన్ని ‘జాక్ ఓ లాంతర్’ అంటారు. గుమ్మడికాయకు ఆ పేరు రాకముందే, రాత్రిళ్లు చిత్తడి నేలల మీద ఎగిరెగిరి కనిపించే వెలుగును ఇంగ్లండులో అలా పిలిచేవాళ్లు. మన పల్లెల్లో దాన్నే కొరివి దయ్యం అంటాం. వేలూరు తమిళులు ‘కొళ్లివాయ్ పేయ్’ అంటారు, నోట్లో కొరివి పెట్టుకున్న దయ్యమని. కుళ్లిన ఆకులూ చెత్తా నీళ్ల కింద మగ్గి వదిలే వాయువులు వెలగడం దానికి కారణమని చాలాకాలంగా చెబుతున్నారు.

ఐరిష్ కథలో జాక్ అనే టక్కరి ఉంటాడు. వాడు సైతానును బోల్తా కొట్టించి, తనను ఎప్పటికీ నరకానికి తీసుకుపోనని మాట తీసుకున్నాడు. తీరా చచ్చాక స్వర్గం వాడి మొహం చూసి తలుపేసుకుంది, నరకం ఇచ్చిన మాట ప్రకారం రానివ్వలేదు. దారి కనిపించక ఏడుస్తుంటే సైతాను ఒక నిప్పుకణిక విసిరాడు. జాక్ దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్నాడట. టర్నిప్ అంటే మా వేలూరు కూరగాయల అంగట్లో దొరికే నూల్‌కోల్ దుంపకు దగ్గరి చుట్టం. ఐర్లండులో మొదట మొహాలు చెక్కింది ఈ దుంపల మీదే. డోనెగాల్ ప్రాంతపు దుంప మొహం అచ్చు ఒకటి అక్కడి జాతీయ మ్యూజియంలో ఉంది. పళ్లు బయటపెట్టి, కళ్లు గుంటలుపడి, ఇప్పటి గుమ్మడికాయ నవ్వు కంటే పదింతలు జడిపించే మొహం అది. 1845లో మొదలైన బంగాళదుంపల కరువుకు లక్షల మంది ఐరిష్ వాళ్లు ఓడలెక్కి అమెరికా చేరారు. అక్కడ పెద్దవీ, మెత్తగా తొలవడానికి వీలైనవీ గుమ్మడికాయలు దొరికాయి. దుంప పోయి కాయ వచ్చింది.

నడిరోడ్డు మీద గుమ్మడికాయ

ఇక మన గుమ్మడికాయ. దీని గురించి చెప్పడానికి నాకు పేజీలు చాలవు.

సత్తువాచారి చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి మీద ఉంది. జిల్లా కలెక్టర్ కార్యాలయం మా ఊళ్లోనే. ఆయుధపూజ రోజు ఇక్కడ ఆఫీసు బీరువా మొదలుకొని ఆటో, లారీ, మెకానిక్ పానా దాకా, పనిచేసే ప్రతి వస్తువుకూ విభూతి, చందనం, కుంకుమ బొట్లు పడతాయి. పూజ ముగిసే ఘట్టం మాత్రం రోడ్డు మీదే. బూడిద గుమ్మడికాయ తీసుకుంటారు. తొడిమ దగ్గర చిన్న చదరపు ముక్క కోసి, లోపలి గుజ్జులో కుంకుమ పోసి కలిపి, గుప్పెడు చిల్లర నాణేలు వేస్తారు. మళ్లీ ఆ ముక్కతోనే మూసి, పైన కర్పూరం వెలిగిస్తారు. బండి ముందు, దుకాణం ముందు మూడుసార్లు తిప్పి, ‘తళ్లు తళ్లు’ అని జనాన్ని పక్కకు జరిపి, రెండు చేతులా ఎత్తి నేలకేసి కొడతారు. కాయ పగిలి ఎర్రటి గుజ్జు చిమ్ముతుంది. చూసే వాడికి ఒక్క క్షణం గుండె ఝల్లుమంటుంది. అది ఝల్లుమనాలి కూడా. ఎందుకంటే ఇది బలి. శాక్తేయ ఆచారంలో జంతువుకు బదులు గుమ్మడికాయను నరకడాన్ని కూష్మాండ బలి అంటారు. లోపలి కుంకుమ నెత్తురు కింద లెక్క.

ఆ తర్వాత క్షణం పిల్లలది. ఎర్రటి గుజ్జులోకి చేతులు పెట్టి నాణేలు ఏరుకుంటారు. చిన్నప్పుడు నేనూ ఏరాను. ఒక ఆయుధపూజ సాయంత్రం మోచేతుల దాకా కుంకుమతో ఇంటికి వెళితే, అవ్వ నన్ను చూసి దెబ్బ తగిలిందనుకుని గడప దగ్గరే కూలబడింది. ఇప్పుడు చిల్లరకు విలువ తగ్గినా పిల్లల తొక్కిసలాట తగ్గలేదు. పగిలిన ముక్కల మీద జారి రాత్రిపూట స్కూటర్ల వాళ్లు పడిపోతుంటారు. రోడ్డు మీద కొట్టొద్దని తమిళనాట ప్రతి ఏడూ పోలీసులూ కార్పొరేషన్ల వాళ్లూ చెబుతూనే ఉంటారు. కొట్టాక ఆ ముక్కలు ఓరకు తీసి పారేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు పెట్టమని మా వీధిలో నేను ఏటా బతిమాలుతూనే ఉన్నాను.

మొహం గీసే గుమ్మడికాయ వేరు. కొత్తగా కట్టే ఇంటి ముందు మీసాలు, కోరలు, చాచిన నాలుక గీసి వేలాడదీస్తారే, అది. ఐరిష్ వాడి దుంపా ఇదీ చేసే పని ఒకటే: రాబోయే చెడును భయపెట్టి వెనక్కి పంపడం. తెలుగు సినిమావాళ్లు షూటింగ్ పూర్తయితే ‘గుమ్మడికాయ కొట్టారు’ అంటారు. అంటే మన సినిమా ప్రతి ఒక్కటీ చివరికి ఒక బలితోనే ముగుస్తుంది.

మరో సంగతి: అమెరికా వాళ్లు చెక్కే నారింజరంగు గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండమే. మనం కొట్టే బూడిద గుమ్మడి ఆసియాది. రెండూ వేర్వేరు జాతుల మొక్కలు. దయ్యాలను తరమడానికి ఎవరి నేలలో కాసింది వాళ్లు తీసుకున్నారు.

పెద్దలొచ్చే పదిహేను రోజులు

దయ్యాల పండుగ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మహాళయ పక్షం. భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా పెద్దలు ఇళ్లకు వస్తారని నమ్మకం. దీని వెనుక జనం చెప్పుకునే కథ కర్ణుడిది. బతికినన్నాళ్లూ బంగారం దానం చేశాడు గాని అన్నం పెట్టలేదట. పైలోకంలో ఆకలేసి ఏది ముట్టుకున్నా బంగారమే అయింది. అన్నదానం చేసి రమ్మని పదిహేను రోజులు భూమికి పంపారు, అవే ఈ రోజులు. అంత దాతకు కూడా ఆకలి తప్పలేదన్న ఆ ఊహ నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది.

అమావాస్య నాడు మా వైపు ఆవులకు అవిసె ఆకు పెడతారు. పితృకార్యం ముగిసేదాకా వాకిట్లో ముగ్గు వేయరు. రోజూ తెల్లవారకముందే ముగ్గులతో పోటీపడే వీధి ఆ ఉదయం బోసిగా ఉంటుంది. తర్పణాలకు పాలారు దగ్గరే, కానీ నీళ్లేవి? నంది కొండల వైపు పుట్టి కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారే ఈ నది ఏడాదిలో చాలా నెలలు ఇసుక కిందే ఉంటుంది. 2021 నవంబర్‌లో గట్లను ముంచెత్తేలా వచ్చిన వరదను చూసి ముసలివాళ్లు దండం పెట్టారు. మామూలు ఏళ్లలో ఇంటి దగ్గరే పళ్లెంలో నువ్వులూ నీళ్లూ వదిలి, విస్తరి గోడ మీద పెట్టి కాకి కోసం ఎదురు చూస్తాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టరు. ఆలస్యమైతే మా అవ్వ పోయినవాళ్లకు ఇష్టమైనదేదో మరిచిపోయామని వంటింట్లోకి తిరిగి వెళ్లేది. తాతకు వక్కపొడి పెట్టాక ఒకసారి కాకి వచ్చింది. అది చూసిన రోజు నుంచి నాకు పెద్దలంటే భయం పోయింది.

తెలంగాణలో ఈ అమావాస్యను పెత్రమాస అంటారు. ఉదయం పెద్దల పేరున బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలు. పోయినవాళ్లను సాగనంపిన పూటే బతుకు పేరున్న అమ్మను పూలతో పేర్చుకోవడం కంటే అందమైన ఏర్పాటు నాకు మరెక్కడా కనిపించలేదు.

దూరాన కంబోడియాలోనూ దాదాపు ఇవే రోజుల్లో, అదీ పదిహేను రోజులు, ప్చుమ్ బెన్ అనే పండుగ చేస్తారు. తెల్లవారకముందే బౌద్ధాలయాల చుట్టూ తిరుగుతూ ఆకలిగొన్న ప్రేతాల కోసం అన్నపు ముద్దలు విసురుతారు. ఆ ‘బెన్’ మన ‘పిండం’ నుంచే వచ్చింది.

తిరుగు ప్రయాణానికి దివిటీ

వచ్చినవాళ్లు వెళ్లాలి కదా. దీపావళి అమావాస్య సాయంత్రం కొరివి వెలిగించి ఎత్తి పట్టడానికి ఉల్కాదానమని పేరు. మహాళయానికి వచ్చిన పితరులు తిరిగి వెళ్లే దారి కనబడాలని ఆ వెలుగు. కోస్తా ఆంధ్రలో పిల్లలు గోగుపుల్లలకు నూనె గుడ్డలు చుట్టి దివిటీలు కొడతారు. పాట పాడి, నేలకు తాకించి, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి తీపి తింటారు. టపాకాయల మోతలో ఈ దివిటీ అసలు సంగతి చాలామందికి మరుగున పడిపోయింది. అది ఆటవస్తువు కాదు, పెద్దలకు పట్టే లాంతరు.

నరక చతుర్దశి నాడు ఉత్తరేణి కొమ్మ తల చుట్టూ తిప్పి తలంటు పోసుకుంటారు. తర్వాత యముడికి పద్నాలుగు పేర్లతో తర్పణం. అంటే దీపావళి ఆ ఉదయం సాక్షాత్తూ మృత్యువును పేరుపెట్టి పలకరించడంతో మొదలవుతుంది! బెంగాల్‌లో అదే చతుర్దశికి భూత చతుర్దశి అని పేరు. పద్నాలుగు రకాల ఆకుకూరలు తిని, పద్నాలుగు దీపాలు ఇంటి మూలమూలలా పెడతారు.

దీపం అనగానే మా జిల్లాలోని గుడియాత్తం ప్రస్తావన రాకుండా ఉండదు. లుంగీల మగ్గాలతో పాటు అగ్గిపెట్టెల తయారీ అక్కడి పెద్ద బతుకుతెరువు. ఈ చీకటి రోజుల్లో ఏ ఊళ్లో ఏ ప్రమిద వెలిగినా, అందులో ఆ ఊరి ఆడవాళ్ల వేళ్ల కష్టం ఉండవచ్చు.

కార్తీక పున్నమికి మా వైపు గుడి ముందు తాటి మొద్దు పాతి, ఎండు తాటాకులు చుట్టి తగలబెడతారు. పేరు సొక్కప్పనై. నింగికి లేచిన ఆ మంటను చూస్తే సావిన్ మంటల గురించి చదవక్కర్లేదు. ఇంగ్లీషులో అలాంటి మంటను ‘బాన్‌ఫైర్’ అంటారు, అసలు అర్థం ఎముకల మంట.

పప్పుబెల్లాల పిల్లలు

మిఠాయి ఇస్తారా, అల్లరి చేయమంటారా అని తలుపు తట్టే ఆచారం వెనుక ఇంగ్లండులోని ‘ఆత్మల రొట్టెలు’ ఉన్నాయి. పేదవాళ్లు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న రొట్టెలు తీసుకునేవాళ్లు.

మనకు దసరా పప్పుబెల్లాలు. వీధిబడి అయ్యవారు పిల్లల చేతికి పూలు చుట్టిన విల్లంబులు, గిలకలు ఇచ్చి, ఊరంతా తిప్పేవారు. పిల్లలు పద్యాలు పాడి, బుక్కాగుండ చల్లి, అయ్యవారికి కానుక, తమకు పప్పూ బెల్లమూ అడిగేవాళ్లు. రేపు రండి, మాపు రండి అని తిప్పడం కుదరదని పాటలోనే ముందరికాళ్లకు బంధం వేసేవాళ్లు. బడిపంతులుకు జీతమంటూ సరిగా లేని రోజుల్లో ఆ కానుకే ఏడాది ఆసరా. ఈ ఆచారం దాదాపు కనుమరుగైంది. పండుగల్లో నేను పోగొట్టుకున్నవాటిలో దీనికోసం బాధపడినంతగా మరి దేనికోసమూ పడను.

తమిళనాట తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టణంలో మాత్రం అచ్చమైన శరత్కాలపు వేషాల పండుగ సజీవంగా ఉంది. దసరాకు ముత్తారమ్మన్ మొక్కుగా కాళి, రాక్షసుడు, కోతి, బిచ్చగాడు వంటి వేషాలు కట్టి ఊళ్లూ వీధులూ తిరిగి అడుక్కుంటారు. వచ్చినదంతా అమ్మ హుండీకే. ఎంత ఉన్నవాడైనా ఆ పది రోజులూ చేయి చాచాల్సిందే.

గంగమ్మ మారువేషాలు

వేషమంటే తెలుగువాళ్లకు తిరుపతి గంగమ్మ జాతర. మే నెలలో జరుగుతుంది. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, ఆమె రోజుకో వేషంలో వెతికిందని కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. దొర వేషం చూసి, పైవాడు వచ్చాడనుకుని పాలెగాడు బయటికొచ్చాడు, అక్కడే చచ్చాడు. బండ వేషం వాళ్లు ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, తిట్టు తిన్నవాడు దీవెనగా తీసుకుంటాడు. మగవాళ్లు చీరకట్టి మాతంగి అవుతారు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘పుష్ప 2’ ఈ చీరకట్టును దేశమంతా చూపించింది గాని, మా వైపు తల్లులు ఎన్నో తరాలుగా తమ కొడుకులకు కాటుక దిద్ది పంపుతూనే ఉన్నారు.

గుడియాత్తం సిరసు

తల తెగిన గుర్రపురౌతు కథ అమెరికాలో హాలోవీన్‌కు చెప్పుకుంటారు. మాకు గుడియాత్తంలో తెగిన తల ఊరేగుతుంది. వైకాశి నెల మొదటి రోజున, అంటే మే నడుమ, గంగమ్మ సిరసును తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి కౌండిన్య నది ఒడ్డున గోపాలపురం గంగమ్మ గుడికి తీసుకొస్తారు. కౌండిన్య మన పలమనేరు వైపు నుంచి దిగివచ్చే ఏరే. దారి పొడుగునా కొబ్బరికాయలు కొడతారు. చిత్తూరు, కుప్పం వైపు నుంచి తెలుగువాళ్లు బండ్లు కట్టుకుని వస్తారు.

కథ రేణుకది. జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి తల నరికాడు. అడ్డొచ్చిన చండాల స్త్రీ తలా తెగింది. తిరిగి బతికించే వరం దొరికాక, తొందరలో తల ఒకరిదీ మొండెం ఇంకొకరిదీ అతికాడు. గుడిలో ఆ సిరసును చండాలి మొండేనికి అమర్చి మొక్కుతారు. అంటరానిదని దూరం పెట్టిన ఒంటికే ఊరంతా సాష్టాంగపడుతుంది ఆ రోజు. నేను ఆ గుడి ముందు నిలబడిన ప్రతిసారీ ముందు ఆ మొండెం వైపే చూస్తాను.

శ్మశానంలో దోపిడీ

మా జిల్లా అసలు దయ్యాల పండుగ మయాన కొళ్లై. శరత్తులో కాదు, మహాశివరాత్రి దాటగానే మాసి అమావాస్యకు. మయానం అంటే శ్మశానం. కొళ్లై మన ‘కొల్లగొట్టడం’లోని కొల్లే. బ్రహ్మ అయిదో తలను గిల్లేసిన శివుడి చేతికి ఆ కపాలం అతుక్కుపోయింది. ఆయన తిరిపెమెత్తిన అన్నమంతా అదే తినేసేది. పార్వతి అంగాళమ్మగా వచ్చి, శ్మశానంలో అన్నం చల్లింది. తిండికి ఆశపడి కపాలం చేయి వదిలి కిందికి దిగగానే తొక్కిపట్టింది. మేల్మలయనూరులో ఇది జరిగిందంటారు.

వేలూరులో ఆ రోజు పాలారు ఇసుక మీద నేల ఈనినట్టు జనం. నాలుక చాచిన కాళి వేషాలు, మెడలో ఎముకలు, పంటి కింద బతికున్న కోడి. రథం మీద అమ్మ. శ్మశానంలో నేలమీద మట్టితో పడుకున్న అంగాళమ్మను చేసి, పొలంలో పండినవి, ఉడికించిన గింజలు, కూరగాయలు, చిల్లర తెచ్చి చల్లుతారు. ఉన్నట్టుండి జనం ఆ రాశి మీద పడి కొల్లగొడతారు. దొరికిన పిడికెడు గింజలు ఇంటికి తెచ్చి ధాన్యపు గాదెలో, పొలంలో కలుపుకుంటారు. ఏడాదిలో మిగతా రోజులు తల తిప్పుకుని దాటిపోయే చోటి నుంచే ఆ ఒక్క రోజు విత్తనం తెచ్చుకుంటారన్నమాట. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూచుని కళ్లు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి చూశాను. ఆ డప్పు మోత ఇప్పటికీ కడుపులో ఉంది.

తనను దయ్యమన్న భక్తురాలు

కాట్పాడి నుంచి చెన్నై రైలెక్కితే అరక్కోణం దాటాక తిరువాలంగాడు స్టేషను వస్తుంది. అరవైముగ్గురు నాయనార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మయ్యార్ కథ అక్కడే ముగుస్తుంది. భర్త వదిలేశాక, అందం ఇక ఎందుకని శివుణ్ణి పేయ్ రూపం, అంటే దయ్యపు రూపం, అడిగి తీసుకుందామె. తిరువాలంగాడు శ్మశానంలో ఆయన నాట్యానికి తాళం వేస్తూ ఉండిపోయిందంటారు. చోళుల కంచు బొమ్మల్లో ఎముకలు తేలిన ఒంటితో, చేతుల్లో తాళాలతో, పెదాల మీద చిరునవ్వుతో కనిపించేది ఈమే.

బేతాళుడి బొమ్మ

తెలుగు పిల్లలు మొదట చూసిన దయ్యం చందమామ బేతాళుడు. 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళాల్లో ఒకేసారి మొదలైన ఆ పత్రికలో, భుజాన శవం, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి గీసింది శంకర్, తమిళుడు. 2020 సెప్టెంబర్ 29న చనిపోయారు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలం ఆ బొమ్మ ఒకటే చూస్తూ, ఒకరు ‘చందమామ’, మరొకరు ‘అంబులిమామ’ చదివేవాళ్లం.

సమాధుల మధ్య దీపావళి

కరీంనగర్‌లో కార్ఖానాగడ్డ శ్మశానవాటిక ఉంది. అక్కడ కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని సమాధుల దగ్గరే చేసుకుంటాయి. పండుగకు వారం పది రోజుల ముందే కలుపు పీకి, సమాధులకు సున్నం, రంగులు వేస్తారు. ఆ సాయంత్రం పిల్లాజెల్లా అందరూ వచ్చి, పోయినవాళ్లకు ఇష్టమైన వంటలు పెట్టి, దీపాలు వెలిగించి, అక్కడే టపాకాయలు కాలుస్తారు.  

వేలూరు క్రైస్తవులకు అది నవంబర్ 2. తమిళంలో కల్లరై తిరునాళ్, సమాధుల పండుగ. 2024లో దీపావళి అక్టోబర్ 31 కావడంతో, టపాకాయల కాగితాలు ఇంకా వీధుల్లో ఉండగానే నేతాజీ మార్కెట్ పూల అంగళ్లలో మళ్లీ రద్దీ మొదలైంది. బంతి, చామంతి బుట్టలకొద్దీ సమాధుల తోటలకు వెళ్లాయి. బంతి మన పువ్వు కాదు, మెక్సికోది. అక్కడ ఇదే నవంబర్ 1, 2 తేదీల్లో మృతుల పండుగకు ఆ పూలరేకులను వీధి నుంచి ఇంటి గడప దాకా బాటలా చల్లుతారు, పోయినవాళ్లు ఆ రంగు, ఆ వాసన పట్టుకుని ఇంటికి వస్తారని. సముద్రాలు దాటి మన నేలకొచ్చిన ఆ పువ్వే ఇప్పుడు బతుకమ్మలో ఉంది, ఆయుధపూజ లారీ అద్దం మీద ఉంది, పెద్దల పటాలకు వేసే దండలో ఉంది. ఆ సాయంత్రం నేనూ రెండు మూరలు కొన్నాను. పక్కింటివాళ్లు వాళ్ల అమ్మ సమాధికి వెళ్తుంటే వాళ్ల చేతికిచ్చి, మిగిలింది ఇంటికి తెచ్చి అవ్వ పటానికి వేశాను. మనవడికి ఫోన్ చేసి ఆ పటం చూపించాను. అది ఎవరు తాతా అని అడిగాడు. వక్కపొడి, కాకి కథతో మొదలుపెట్టాను.